బాలమ్మ వరహా

హిందూపురం బజారులో స్టీలు పాత్రల అంగడి అరుగు మీద కూర్చుని బిందెలకూ చెంబులకూ పేర్లు చెక్కే గౌస్‌సాబ్‌ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. పాతదుడ్ల సాబు అంటే మాత్రం ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. దుడ్లంటే ఆ పక్క డబ్బులు. కన్నడం గోడ అవతలే కాపురం ఉన్న ఊరు కదా, మాట గోడ దూకి వచ్చేసింది. మనిషిని చూస్తే అరవై మూడేళ్ళ బక్క ప్రాణం, నెత్తిన మాసిన టోపీ, జేబులో పది రూపాయలుంటే ఆ రోజు పండగ. పేరేమో దుడ్ల సాబు!

ఆ పేరు ఊరికే రాలేదు. పన్నెండో ఏట నుంచీ అతను వాళ్ళ నాయన వెంట కళాయి పనికి తిరిగాడు. తిత్తి భుజాన వేసుకుని పెనుకొండ, రామగిరి, తాడిమర్రి అన్నీ నడకే. రాగి చెంబుకు చిల్లు పడితే అతుకు వేయడానికి రాగి కావాలి. ఆ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా టిప్పు సుల్తాన్ నాటి ఏనుగు కాసులు నాలుగైదు పడి ఉండేవి. ఆడవాళ్ళు అవి తెచ్చి ముందర పోస్తే, ఈ పిల్లవాడు కొలిమిలో వేసి, ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి అతుకు వేసేవాడు. అట్లా ఎన్ని ఏనుగుల్ని చంపాడో లెక్కే లేదు.

ఒకనాడు పెనుకొండలో కంసాలి పోతులయ్య ఆచారి అది చూశాడు. చూసి ఊరుకోలేదు, చెంప మీద ఛెళ్ళున ఒకటి ఇచ్చాడు. "చదవకుండానే పుస్తకం పొయ్యిలో పెడతాండావు గదరా తురకోడా!" అన్నాడు. కొట్టిన చేత్తోనే లోపలికి పిలిచి, ఏనుగు తొండం ఏ పక్కకుంటే ఏ టంకసాల, తోక కింద చుక్క ఉంటే ఏ ఏడు, అన్నీ చూపించాడు. గౌస్ ఆ చెంపదెబ్బతో ఒక బడి గెలిచినంత సంబరపడ్డాడు. మళ్ళీ జన్మలో ఒక్క కాసు కొలిమిలో వేయలేదు. అతుకుకు వచ్చిన కాసు దాచుకుని, తన సొంత రాగి వేసేవాడు. నాయన తిట్టేవాడు, పస్తు పెట్టేవాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

కళాయి పని చచ్చిపోయింది. స్టీలు వచ్చింది. గౌస్‌సాబ్ పేర్లు చెక్కడానికి దిగాడు. నాణేల పిచ్చి మాత్రం చావలేదు. కొనే తాహతు లేదు గనక చూసి తృప్తిపడేవాడు. ఎవరు ఏ నాణెం తెచ్చినా భూతద్దంలో చూసి, తూచి, అసలుదో నకిలీదో చెప్పేవాడు. నయాపైసా తీసుకునేవాడు కాదు. మంచిదనిపిస్తే కాగితం కింద పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకునేవాడు. అట్లాంటి అచ్చుల నోటు పుస్తకాలు ఇంట్లో పదకొండు. వాటిని చూసినప్పుడల్లా భార్య జాహెదా, "వేరే ఆడోళ్ళకు సవతులుంటారు, నాకు పుస్తకాలుండాయి" అని మెటికలు విరిచేది.

పోతులయ్య చనిపోయే ముందు తన చిన్న తక్కెడనూ, ఇత్తడి డబ్బీలో ముప్పై రెండు గురివింద గింజలనూ శిష్యుడి చేతిలో పెట్టాడు. అవి ఉత్త గింజలు కావు. కంసాలి ఇంట్లో మూడు తరాల వాళ్ళు వేల గింజల్లో ఏరి, ఒకదానికొకటి సరితూగేవి నిలబెట్టినవి. "పాత వెండి పావలా ఇరవై నాలుగు గింజలు. పెనుకొండ రాజుల బంగారు వరహా ఇరవై ఎనిమిది. దాటితే వరహా కాదు, ఎవురో పూజకని నకలు పోసుకున్న పూజకాసు" అని చెప్పి కన్ను మూశాడు. గౌస్‌సాబ్‌కు అది వేదవాక్కు అనాలో, కురాన్ ఆయత్ అనాలో, ఏదైతేనేం, అంతే.

అంగడి యజమాని ఉమాశంకర్ ఎన్నిసార్లో చెప్పాడు, "నా ఎలక్ట్రానిక్ కాటా ఈడే ఉండాది గదా మామా, ఒక్కతూరి పెట్టి చూడు" అని. గౌస్‌సాబ్ వింటేనా! "నీ కాటాకు బ్యాటరీ దిగితే బుద్ధి దిగుతాదప్పా. నా గింజకు బ్యాటరీ లేదు" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ మొండితనమే అతని కొంప ముంచింది.

పోయిన కార్తీక మాసంలో ఒక ఆడమనిషి అరుగు దగ్గరకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, చేతి వేళ్ళ నిండా రంగు మరకలు. పేరు చాముండేశ్వరి. ధర్మవరంలో మగ్గం నేస్తారట. ఆమె కొంగుముడి విప్పి, పసుపు గుడ్డలోంచి చిటికెన వేలి గోరంత బంగారు నాణెం తీసి అరచేతిలో పెట్టింది.

"మాయమ్మది సాబూ. పోయి నాలుగు నెలలాయ. ఇది పెనుకొండ రాజుల కాలంనాడుదని, వాళ్ళ పుట్టింటి నుంచి వచ్చిందని సచ్చేదాకా చెప్పింది. రాజులదా, పూజకాసా? నాకు ఆ ఒక్క మాట చెప్పండి. అమ్మేదానికి కాదు."

గౌస్‌సాబ్ భూతద్దం పెట్టాడు. కూర్చున్న రాముడు, తొడ పక్కన సీత, నిలబడిన లక్ష్మణుడు. వెనక నాగరి లిపిలో మూడు వరుసలు, పెనుకొండ ఏలిన తిరుమలరాయల పేరు. అతని గుండె ఒక్క గంతు వేసింది. అంచు దగ్గర కొక్కెం ఊడదీసిన అతుకు మచ్చ ఉంది. అట్లాంటివి కాసులపేరుకు పోసే పూజకాసులకూ ఉంటాయి. బొమ్మనూ పేరునూ కంసాలులు నకలు చేస్తారు. చేయలేనిది తూకం ఒక్కటే. తక్కెడ తీశాడు. ఇరవై ఎనిమిది గింజలు వేశాడు, నాణెం లేవలేదు. ముప్పై వేశాడు, లేవలేదు. ముప్పై ఒకటికి కదిలింది, ముప్పై రెండుకు ముల్లు అటు వాలింది.

అతనికి బాధేసింది. అయినా తూకం తూకమే. "పూజకాసు తల్లీ. బంగారం మంచిదే. రాజులది కాదు" అన్నాడు.

ఆమె మొహం పాలిపోయింది. "బాగా చూడండి సాబూ. ఇంగోసారి తూకం వేయండి."

"నూరుసార్లు వేసినా అంతే తల్లీ. నలభై ఏండ్ల చెయ్యి ఇది."

"అయితే... కరిగిస్తే పాపం లేదా?"

"పూజకాసే కదా, కరిగించుకోవచ్చు" అన్నాడు. జన్మలో మొదటిసారి ఒక నాణేన్ని కరిగించుకోమని నోరారా చెప్పాడు. అచ్చు కూడా తీసుకోలేదు, పూజకాసుకు అచ్చెందుకని. ఆమె దండం పెట్టి, పెనుకొండ బస్టాండులో పూలమ్మే చెల్లెలు హేమావతిని చూసుకుని ధర్మవరం పోవాలని చెప్పి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు గడిచాయి. గురువారం పొద్దున ఉమాశంకర్ వాళ్ళ అవ్వ పెట్టెలో దొరికిందని జార్జి రాజు బొమ్మ ఉన్న ఒక వెండి పావలా తెచ్చాడు. "చూడప్పా, నీ కాటా కంటే నా గింజలెంత నిక్కమో చూపిస్తా. పావలా ఇరవై నాలుగు. రవ్వంత తేడా వస్తే నా టోపీ నీది" అని గౌస్‌సాబ్ తక్కెడ ఎత్తాడు.

ఇరవై నాలుగు వేశాడు. పావలా కదల్లేదు. ఇరవై అయిదు, ఇరవై ఆరు. ఇరవై ఏడుకు ముల్లు నిలబడింది.

"టోపీ ఇచ్చెయ్ మామా!" అని ఉమాశంకర్ పకపకా నవ్వాడు. గౌస్‌సాబ్ నవ్వలేదు. అరిగిన పావలా తక్కువ తూగుతుంది గానీ ఎక్కువ ఎట్లా తూగుతుంది? గింజలు అరచేతిలో పోసుకున్నాడు. ఎరుపు ఎరుపే, నలుపు నలుపే. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఆ పొద్దు దాని యజమానికీ తెలియలేదు. డబ్బీ పట్టుకుని ఇంటికి పరిగెత్తాడు.

"జాహెదా, ఈ డబ్బీ ఎవురు ముట్టినారు?"

జాహెదా చాట కింద పెట్టింది. మొగుడి మొహం చూసి అబద్ధం చెప్పే ధైర్యం చాలలేదు. "వినాయక చవితి ముందు దినం నువ్వు బెంగుళూరులో నాణేల సంత చూసేదానికి పోయింటివి. పక్కింటి ఈరక్క మట్టి గణపతులు చేసింది, పదహారు. కండ్లకు గురివింద గింజల్లేవని ఏడుపు మొహంతో వచ్చె. పండగ పూట దేవునికి కండ్లు లేకుండా ఎట్లని, ఇస్తిని. మర్నాడే ఆయమ్మ కొండ పక్క కంపలో కోసుకొచ్చి లెక్కకు ముప్పై రెండు తిరిగి ఇచ్చె. గింజకూ గింజకూ ఏం తేడా ఉంటాదయ్యా?"

మూడు తరాల కంసాలులు ఏరిన గింజలు పదహారు మంది వినాయకుల కళ్ళయి చెరువులో కలిసిపోయాయి. డబ్బీలో ఉన్నవి కంపలో గింజలు, తేలిక గింజలు. చవితి తర్వాత తూకానికి వచ్చింది చాముండేశ్వరి నాణెం ఒక్కటే. గౌస్‌సాబ్ గోడకు చేరగిలబడి లెక్క వేశాడు. పావలాకు ఇరవై నాలుగు ఉండాల్సింది ఇరవై ఏడు. మరి ఆ నాణెం ముప్పై ఒకటిన్నర తూగిందంటే, అసలు గింజల్లో ఇరవై ఎనిమిది. కచ్చితంగా ఇరవై ఎనిమిది!

"యా అల్లా! అది వరహానే" అన్నాడు. "కరిగించుకోమని చెప్తినే! నా నోట్లో మన్ను పడ!"

భార్యను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకే తేలికగా ఉండేది. టోపీ కూడా పెట్టుకోకుండా బస్టాండుకు పోయాడు. ఆమె ఫోన్ నంబరు అడిగి పెట్టుకుందామన్న తెలివి ఆనాడు లేకపోయె. తెలిసింది ఒక్కటే, పెనుకొండలో పూలమ్మే చెల్లెలు. బస్సు సోమందేపల్లి దాటేదాకా అతను సీట్లో కూర్చోలేదు, నిలబడితే ముందుగా చేరతానన్నట్టు కండక్టరు పక్కనే నిలబడ్డాడు.

హేమావతి బస్టాండు గేటు దగ్గర కనకాంబరాలు కడుతూ దొరికింది. "అవును, ఆయక్క చెల్లెలినే. నువ్వేనా మామా దుడ్ల సాబు?" అని ముక్కాలిపీట జరిపింది.

"పాపా, ఆ నాణెం యాడుండాది? ఇంగొక్కసారి చూడల్ల."

"అక్క దగ్గరే ఉండాది. ఈ పొద్దు ధర్మవరంలో ఆచారికి ఇచ్చి కరిగిస్తానని చెప్పింది. రేపు శుక్రవారం కదా, తాడిమర్రిలో అమ్మవారికి ముక్కుపుడక పెట్టల్ల."

"ముక్కుపుడక ఎందుకు?"

హేమావతి దారం పంటితో తెంపింది. "నీకు అక్క చెప్పల్యా? మా అవ్వకు, నాయన వాళ్ళమ్మకు, రామయ్య బొమ్మల కాసులపేరు ఉండె. దాంట్లో ఒక కాసు పోయె. అదే ఏడు మాయమ్మ దగ్గర ఈ కాసు కనపడె. మా నాయన వాళ్ళన్న పెండ్లాం, మా పెద్దమ్మ, 'బాలమ్మే దొంగ' అని ఊరంతా చాటె. మాయమ్మ నెత్తీ నోరూ కొట్టుకునె, ఇది నా పుట్టింటి వరహా, రాజులనాడుది అని. ఒక్కరన్నా నమ్మితే కదా! ముప్పై అయిదేండ్లు పెండ్లిలో పిలుపు లేదు, పేరంటంలో బొట్టు లేదు. నిన్నడిగితే తేలిపోతాదని అక్క వచ్చె. పూజకాసే అని నువ్వు చెప్తివి. అంటే దొంగతనం నిజమే కదా మామా. పోయిన ఆదివారం ఇద్దరమూ పోయి పెద్దమ్మ కాళ్ళ మీద పడితిమి, మాయమ్మ తప్పు చేసిందని. 'ఆ పాపపు బంగారం నాకొద్దు, అమ్మవారికి ఇచ్చేయండి' అనె."

ఇంతసేపూ గౌస్‌సాబ్ నాణెం పోతుందని ఏడ్చాడు. పోతున్నది నాణెం ఒక్కటే కాదు. బతికినన్నాళ్ళూ నిజం చెప్పిన మనిషిని, చచ్చాక తన నోటితో దొంగను చేశాడు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా, 'తప్పు తూచానమ్మా' అని? చెప్పలేదు. నోరు రాలేదు. నలభై ఏళ్ళ చెయ్యి అని విర్రవీగిన నోరు అది, అంత సులభంగా ఎట్లా వస్తుంది! "ఫోన్ చెయ్యి పాపా, కరిగించద్దని చెప్పు. ఒక్కసారి చూడల్ల, అంతే" అన్నాడు. ధర్మవరం ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది పట్టుచీరలు తీసుకుని బెంగుళూరు పోయిన చాముండేశ్వరి మొగుడు గంగాధర దగ్గర ఉంది. హేమావతి మూడుసార్లు చేసింది. స్విచాఫ్. మగ్గాల వీధి గుర్తులు చెప్పించుకుని గౌస్‌సాబ్ ధర్మవరం బస్సు వెంట పడ్డాడు.

ఆ బస్సు నడిచిన తీరు పగవాడికి కూడా వద్దు. ఊరూరా ఆగింది. ధర్మవరం దగ్గర రైలు గేటు పడి, గూడ్సు బండి కదలాడి కదలాడి పోయేదాకా ఇరవై నిమిషాలు నిలిచింది. "కొంచెం దింపప్పా, నడిచి పోతా" అని గౌస్‌సాబ్ బతిమాలితే డ్రైవరు, "నడిచినా గేటు దాటల్ల కదా మామా!" అన్నాడు. గౌస్‌సాబ్ కిటికీ ఊచ పట్టుకుని, 'దేవుడా, ఆచారికి జ్వరం రానీ, కొలిమి ఆరిపోనీ' అని మొక్కుకున్నాడు. ఒకరికి జ్వరం రావాలని మొక్కుకున్న నోటితోనే తోబా, తప్పయిందని అనుకుని, మళ్ళీ అదే మొక్కుకున్నాడు.

మగ్గాల వీధిలో ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె ఆచారి అంగడి దారి చూపింది. రొప్పుతూ వెళ్ళేసరికి చాముండేశ్వరి అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదుట ఆచారి చిన్న ముక్కుపుడకకు మెరుగు పెడుతున్నాడు.

"నాణెం యాడ?" అన్నాడు గౌస్‌సాబ్, గడప దాటకుండానే.

"పొద్దున తొమ్మిదికే కరిగించేస్తి కదా సాబూ. ఇదిగో" అని ఆచారి ముక్కుపుడక ఎత్తి చూపించాడు.

తొమ్మిదంటే అతను హిందూపురంలో బస్సెక్కక ముందే. ఇంత పరుగూ ఉత్తదే. గౌస్‌సాబ్ గడప మీదే కూలబడ్డాడు. చాముండేశ్వరి కంగారుపడి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. అతను తాగలేదు.

"ఫోటో తీసినారా తల్లీ?"

"కరిగించేదానికి ఫోటో ఎందుకులే అనుకుంటిమి."

"తూకం వేసినావా ఆచారీ?"

"వేయకుండా కరిగిస్తారా ఎవురన్నా? చీటీ రాసిచ్చినా" అన్నాడు ఆచారి. చాముండేశ్వరి కొంగులోంచి చీటీ తీసింది. మూడు గ్రాముల నాలుగు నూర్ల మిల్లీలు. గౌస్‌సాబ్ చీటీ వెనక పెన్సిలుతో లెక్క కట్టాడు. ఇరవై ఎనిమిది గింజలు. ఇంక అనుమానం లేదు, ఆశా లేదు. నిన్నటి దాకా లోకంలో ఒక తిరుమలరాయల వరహా ఎక్కువ ఉండేది. ఈ పొద్దు లేదు.

"ఏమాయ మామా? దీనికోసం ఇంత దూరం వస్తివా?" అంది చాముండేశ్వరి.

చూడండి, తప్పించుకునే దారి అక్కడ బార్లా తెరిచి ఉంది. ఏదో పనిమీద వచ్చానంటే సరిపోయేది. నాణెం లేదు, ఫోటో లేదు, అచ్చు లేదు, అతని తప్పు పట్టేవాడు ఈ భూమ్మీద లేడు. ముక్కుపుడక అమ్మవారికి పోతుంది, పాతదుడ్ల సాబు పేరు పాతదుడ్ల సాబుకే ఉంటుంది. గౌస్‌సాబ్ ఆ దారి చూశాడు. చూడలేదని నేను చెప్పను. చూసి, తల అడ్డంగా ఊపుకున్నాడు.

"తల్లీ, నేను తప్పు తూచినా. నా గింజలు మారిపోయిండె. నాకు తెలీల్యా. అది పూజకాసు కాదు, వరహానే. పెనుకొండ రాజులదే. మీయమ్మ అబద్ధం చెప్పల్యా."

"మాయమ్మ దొంగ కాదా?" అంది చాముండేశ్వరి.

"కాదు తల్లీ."

"మరి నేను ఆయమ్మ ఫోటో ముందర నిలబడి తిడ్తినే! 'నీవల్ల తలకాయ ఎత్తుకోలేకుండా పోతిమి కదే, సచ్చి కూడా సాధిస్తివి కదే' అని నోటికొచ్చినట్లు తిడ్తినే! పెద్దమ్మ కాళ్ళు పట్టుకొంటినే సాబూ!" ఆమె బెంచీ మీద గుద్దుకుంటూ ఏడ్చింది. ఆచారి ఆకురాయి కింద పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. "నీ కాళ్ళకు దండం పెట్టి పోతి కదయ్యా ఆ పొద్దు! ఇంగోసారి తూచు అని అడిగితి కదయ్యా!"

"అడిగినావు తల్లీ" అన్నాడు గౌస్‌సాబ్. కొట్టినా పడేవాడు.

ఏడుపు ఆగాక ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. చీటీ, ముక్కుపుడక కొంగున ముడి వేసుకుంది. "లెయ్ మామా. తాడిమర్రికి పోదాం. ఈ మాట నా ముందర కాదు, ఆడ చెప్పు. పెద్దమ్మ ముందర, వీధి ముందర చెప్పు. నీ మాటకు మాయమ్మ దొంగ ఆయె కదా, నీ మాటకే కాకుండా పోవల్ల."

తాడిమర్రి చేరేసరికి ఎండ వాలింది. పెద్దమ్మ ఎనభై దాటిన మనిషి, వాకిట్లో పీట మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. చాముండేశ్వరిని చూసి, "ముక్కుపుడక తెచ్చినావా?" అంది. వెనక ఉన్న గౌస్‌సాబ్‌ను చూసి, "ఈ సాబెవురు?" అంది.

గౌస్‌సాబ్ నిలబడే చెప్పాడు. తన పేరు చెప్పాడు, పోతులయ్య పేరు చెప్పాడు, గింజలు ఎట్లా మారాయో చెప్పాడు. వాకిలి ముందు నలుగురు చేరారు, పదిమంది అయ్యారు. ఇన్నాళ్ళూ తన విద్యను మెచ్చుకున్న జనం ముందు మాట్లాడాడు గానీ, తన తప్పు చెప్పుకోవడానికి పరాయి ఊళ్ళో నిలబడడం అతనికి ఇదే మొదలు. "బాలమ్మ నిజం చెప్పింది. దోషం నాది" అని ముగించాడు.

పెద్దమ్మ చెనక్కాయ ఒలవడం ఆపలేదు. "అట్లనా. ఆ నాణెం యాడుండాదప్పా? చూపీ."

"కరిగిపోయిందమ్మా."

"ఫోటో?"

"లేదమ్మా. ఇదిగో ఆచారి రాసిన తూకం చీటీ."

"చీటీ ఎవురన్నా రాస్తారు."

గౌస్‌సాబ్ చేతులు జోడించాడు. "అమ్మా, మీ అత్త కాసులపేరులో ఒక్క కాసు చూపీయండి. తూచి చూపిస్తా. రెండూ ఒకటి కావని ఈడనే తేలిపోతాది."

"ఆ పేరు కరిగించి కోడండ్లకు గాజులు చేపిచ్చి ఇరవై ఏండ్లాయ." పెద్దమ్మ తొక్కలు ఊడ్చి పక్కకు నెట్టింది. మొహంలో కోపం కూడా లేదు, అదే ఇంకా ఘోరం. "బాలమ్మ బతికినన్నాళ్ళూ వరహా వరహా అనె. ఇప్పుడు నువ్వొస్తివి, లేని వరహాకు సాక్షి. పోయిన ఆదివారం ఈ బిడ్లే దొంగతనమని ఒప్పుకొని కాళ్ళ మీద పడిరి. మళ్ళా మనసొప్పక నిన్ను తెచ్చుకున్నారు. ఎంతిచ్చిరప్పా నీకు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జీవితంలో ఒక్క నాణేనికీ నయాపైసా పుచ్చుకోని మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా అతను తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "అమ్మా, కురాన్ మీద చెయ్యి పెట్టి చెప్తా. అది వరహానే. రాముడు కూర్చోని ఉండె, వెనక మూడు వరసలుండె..."

పెద్దమ్మ చెనక్కాయల చాట చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

గౌస్‌సాబ్ వీధి వైపు తిరిగాడు. "వినండప్పా, అది రాజులనాడు వరహానే. బాలమ్మ పుట్టింటిది. ఇరవై ఎనిమిది గింజలు..." అని మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. కొందరు విన్నారు, కొందరు బర్రెలు ఇంటికొచ్చే పొద్దయిందని వెళ్ళిపోయారు. ఎదురింటి ఆయన, "సరేలే సాబూ, ఇంగ పోయిరాపో, బస్సు పోతాది" అన్నాడు. గౌస్‌సాబ్ వినలేదు, మూడోసారి ఎత్తుకున్నాడు. గొంతు పెంచాడు, చీటీ పైకెత్తి పట్టుకున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

చాముండేశ్వరి వచ్చి అతని చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"చాలు మామా, రా. మాయమ్మ కూడా ఈడనే నిలబడి ఇట్లనే చెప్తాండె."